కాకినాడ వార్త మన వార్తే

తుపాను అనగానే హైదరాబాద్‌కో, కరీంనగర్‌కో ఫోన్ చేసి బంధువుల క్షేమం అడుగుతాం. మన సంగతి ఆలోచించం. సముద్రం ఎక్కడ, సోలాపూర్ ఎక్కడ! నాలుగైదు రోజులకోసారి నల్లా నీళ్లకు ఎదురుచూసే మనకు వరద భయమేమిటనుకుంటాం.

2020 అక్టోబర్ గుర్తుచేసుకోండి. బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం 13వ తేదీ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రికి హైదరాబాద్ జలమయమైంది. మర్నాడు అదే వాన మన జిల్లాపై పడింది. పండరపురంలో చంద్రభాగ ఒడ్డున ఘాట్ గోడ కూలి ఆరుగురు చనిపోయారు.

నేల మీదికి వచ్చాక తుపాను గాలి జోరు తగ్గుతుంది గాని, అది మోసుకొచ్చే తేమ వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. మన నల్లరేగడి నీటిని త్వరగా ఇంకనివ్వదు. చెత్తతో నిండిన నాలా నీటిని పోనివ్వదు. మగ్గాలు నడిచే ఇళ్లలో నూలు, బీములు, మోటార్లు అన్నీ నేలమీదే. బీడీలు చుట్టే ఇంట్లో ఆకు తడిస్తే ఆ వారం కూలి పోయినట్టే. పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు కూడా ఆ గదిలోనే ఉంటాయి.

అయితే మనకు ఒక మేలుంది. మనం తెలుగు వార్తలు చూస్తాం. ఆంధ్ర తీరం దాటిన వాయుగుండం పడమరగా కదులుతోందని విన్నామంటే, దాదాపు ఒకరోజు ముందే కబురు అందినట్టు. ఆ ఒక్కరోజును వాడుకోవడం మన బడులు నేర్పాలి.

ఉపాధ్యాయులు వాతావరణ శాఖ హెచ్చరికను తెలుగులో, నాలుగు మాటల్లో తల్లిదండ్రుల ఫోన్లకు పంపాలి. మరాఠీ చదవలేని అమ్మమ్మకూ అర్థం కావాలి. దసరా, దీపావళి సెలవుల్లోనూ ఈ పని ఆగకూడదు. అక్టోబర్‌లోనూ ముప్పు ఉంటుంది. పిల్లలు తమ వీధిలో నీళ్లు నిలిచే చోట్లను పటం గీయాలి. ఇంట్లో నూలు ఎత్తున పెట్టడం, నీళ్లు రాకముందే కరెంటు మెయిన్ ఆపడం, కాగితాలను ప్లాస్టిక్ సంచిలో భద్రపరచడం తల్లిదండ్రుల వంతు.

వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఈసారి కాకినాడ పేరు వినగానే బంధువులకు తప్పక ఫోన్ చేయండి. ఆ వెంటనే లేచి, నేలమీది నూలు పైకెత్తండి.