ఓక్ ఫ్లాట్‌ను రాసిచ్చింది ఏ పార్టీ?

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా రెండు జట్లు తయారవుతాయి. డెమోక్రాట్లు గెలిస్తే అణగారినోళ్లకు మేలు, రిపబ్లికన్లు గెలిస్తే కంపెనీలకు మేలు అని ఒక లెక్క వేసేస్తాం. మిత్రులారా, ఆ లెక్క అక్కడి ఆదివాసుల దగ్గర ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. (మన పాఠ్యపుస్తకాలు వాళ్లను ‘రెడ్ ఇండియన్లు’ అని నేర్పాయి. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు, దాన్ని ఇకనైనా వదిలేయండి.)

అరిజోనా రాష్ట్రంలో ఓక్ ఫ్లాట్ అనే చోటు ఉంది. అపాచీలకు పవిత్ర స్థలం. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసే వేడుక అక్కడ చేస్తారు. ఆ నేల కింద రాగి ఉంది. 1955లో రిపబ్లికన్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వం అక్కడ గనులు తవ్వకూడదని ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత రియో టింటో, బీహెచ్‌పీ కలిసి పెట్టిన రిజల్యూషన్ కాపర్ అనే కంపెనీ ఆ నేల మీద కన్నేసింది. దాన్ని కంపెనీకి ఇచ్చేందుకు ఏళ్ల తరబడి పార్లమెంటులో బిల్లులు పెట్టారు. విడిగా పెట్టిన ఏ బిల్లూ గట్టెక్కలేదు. చివరికి 2014 డిసెంబరులో, సైన్యం ఖర్చులకు అనుమతిచ్చే బిల్లులో ఈ క్లాజును ఇరికించారు. ముందుండి నడిపింది రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్. సంతకం పెట్టింది డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా. సుమారు 2,400 ఎకరాలు అట్లా పోయే దారి పడింది. సైన్యం బిల్లును ఆపే ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది? అపాచీలు కోర్టుకెక్కారు. 2025 మేలో సుప్రీంకోర్టు వాళ్ల కేసు వినడానికే ఒప్పుకోలేదు.

ఇది మనకు కొత్త కాదు. 2014 రాష్ట్ర విభజన చట్టం 90వ సెక్షన్ తీసి చదవండి. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టు చేసి, తెలంగాణ దానికి సమ్మతించినట్టే భావించాలి అని రాసేశారు. మునిగేది కోయ, కొండరెడ్డి గూడేలు. బిల్లేమో రాష్ట్రాల గురించి. దాన్ని గట్టెక్కించిన కాంగ్రెస్, బీజేపీ మిగతా అన్నింట్లో కొట్టుకునే పార్టీలే.

పాత చరిత్ర చూసినా అంతే. 1830లో నేటివ్ తెగలను మిసిసిపీ నదికి అవతలకు తరిమే చట్టం తెచ్చింది డెమోక్రాట్ల నాయకుడు ఆండ్రూ జాక్సన్. ప్రతినిధుల సభలో అది 102–97 ఓట్లతో, అంటే ఐదు ఓట్ల తేడాతో గెలిచింది. తెగల ప్రత్యేక హోదానే రద్దు చేసే విధానాన్ని పార్లమెంటు 1953లో ప్రకటించింది, రిపబ్లికన్ల హయాంలో. ఆ విధానం వద్దని 1970లో చెప్పింది కూడా రిపబ్లికన్ అధ్యక్షుడే, నిక్సన్. అదే ఏడాది టావోస్ ప్యూబ్లో ప్రజలకు వాళ్ల బ్లూ లేక్‌ను, చుట్టూ 48 వేల ఎకరాలతో సహా తిరిగి ఇచ్చారు. వియత్నాం మీద బాంబులు వేయించిన మనిషే ఈ పని కూడా చేశాడు. జెండా రంగు చూసి ఏం చెప్తాం?

మరి ఆ పార్టీల బలం ఎక్కడుంది? అమెరికా రాజ్యాంగంలో పార్టీ అనే మాటే లేదు. అయినా ఓటరు ముందుకు అభ్యర్థి వచ్చే దారి పార్టీ చేతిలోనే ఉంది. ఆ దారి పేరు ప్రైమరీ. మన దగ్గర పై నుంచి నాయకుడు బీ ఫారం ఇస్తాడు. అక్కడ పార్టీ అభ్యర్థిని ముందు ఒక ఎన్నిక పెట్టి ఓటర్లే తేలుస్తారు. ఒకే పార్టీ ఎప్పుడూ గెలిచే చోట అసలు ఎన్నిక అదే. నవంబరులో జరిగేది లాంఛనం. ప్రైమరీకి వచ్చే జనం తక్కువ. కాబట్టి ఆ కొద్దిమంది ఎవరనేదే అభ్యర్థిని తేలుస్తుంది.

ఇంకో తేడా. మన దగ్గర ఆంధ్రలో 7, తెలంగాణలో 12 అసెంబ్లీ సీట్లు ఎస్టీలకు రిజర్వు. కానీ అక్కడ గెలిచిన ఎమ్మెల్యే విప్ ధిక్కరించి ఓటేస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద సీటు పోగొట్టుకోవచ్చు. నేటివ్‌లకు పార్లమెంటులో రిజర్వు సీటు ఒక్కటీ లేదు. అయితే సొంత పార్టీ మీద తిరగబడి ఓటేసినందుకు అక్కడి సభ్యుడి సీటు పోదు. మనకు కుర్చీ ఉంది, నోరు కట్టేశారు. వాళ్లకు నోరుంది, కుర్చీ కోసం ప్రతిసారీ వెతుక్కోవాలి.

ఎట్లా వెతుక్కున్నారో చెప్పడానికి అలాస్కా మంచి ఉదాహరణ. 2010లో సెనేటర్ లీసా ముర్కోస్కీ రిపబ్లికన్ ప్రైమరీలో సుమారు 2 వేల ఓట్లతో ఓడింది. పార్టీ ఆమెను పక్కన పెట్టింది. బ్యాలెట్ మీద పేరు లేదు. ఓటరే ఆమె పేరు చేత్తో రాయాలి. అలాస్కా ఆదివాసీ సంస్థలు ఆమె వెనుక నిలబడ్డాయి, మారుమూల పల్లెల ఓటర్లు పేరు రాసి మరీ ఓటేశారు. గెలిచింది. 2017లో ఒబామా ఆరోగ్య చట్టాన్ని రద్దు చేయబోయినప్పుడు సొంత పార్టీకి ఎదురు ఓటేసిన ముగ్గురు రిపబ్లికన్ సెనేటర్లలో ఆమె ఒకరు. అట్లాగని ఆమెను దేవతను చేయకండి. అదే ఏడాది పన్నుల చట్టంలో ఒక క్లాజు పెట్టించి, గ్విచిన్ ప్రజలు వద్దంటున్న ఆర్కిటిక్ అభయారణ్యంలో చమురు తవ్వకాలకు తలుపు తీసింది కూడా ఆమే. మళ్లీ వేరే బిల్లు కడుపులో పెట్టిన క్లాజే!

2020లో అలాస్కా ఓటర్లు పార్టీల ప్రైమరీలనే ఎత్తేశారు. అందరూ ఒకే బ్యాలెట్ మీద పోటీ, మొదటి నలుగురు తుది పోటీకి, ఓటరు ఒకటి రెండు మూడు అని వరుస పెట్టి ఓటేయాలి. ఈ పద్ధతిలో 2022లో యూపిక్ తెగ బిడ్డ మేరీ పెల్టోలా, డెమోక్రాట్, రిపబ్లికన్ రాష్ట్రంలో గెలిచింది. పార్లమెంటుకు వెళ్లిన మొదటి అలాస్కా ఆదివాసీ. 2024లో ఓడిపోయింది, అది వేరే సంగతి.

పార్టీలు తలుపు తీయడమే కాదు, మూయడమూ తెలిసినవే. 2012లో నార్త్ డకోటాలో డెమోక్రాట్ హైడీ హైట్‌క్యాంప్ సెనేట్‌కు 3 వేల లోపు తేడాతో గెలిచింది. నేటివ్ ఓట్లు ఆమెకు ప్రాణం. మరుసటి ఏడాదే రిపబ్లికన్ అసెంబ్లీ ఓటరు గుర్తింపు చట్టాన్ని బిగించింది. తర్వాత కార్డు మీద వీధి పేరుతో ఇంటి అడ్రసు ఉండాల్సిందే అన్నారు. రిజర్వేషన్లలో, అంటే తెగల సొంత ప్రాంతాల్లో, చాలా ఇళ్లకు వీధి పేరే ఉండదు, ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెకు వస్తాయి. ఇంటి నంబరు లేని గూడెంలో పుట్టిన మీకు ఇంతకన్నా వివరించాలా? 2018 అక్టోబరులో, ఎన్నికకు నెల ముందు, సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఆపడానికి నిరాకరించింది.

తెగల ప్రభుత్వాలు ఏడుస్తూ కూర్చోలేదు. అడ్రసులు కేటాయించి, కార్డులు అచ్చువేసి ఉచితంగా పంచాయి. హైట్‌క్యాంప్ ఓడింది. కానీ అదే ఎన్నికలో ఫార్గోలో మాండన్, హిడాత్సా, అరికారా తెగల బిడ్డ రూత్ బఫెలో రాష్ట్ర సభకు గెలిచింది. ఆమె చేతిలో ఓడిన రిపబ్లికన్ ఎవరో తెలుసా? ఆ గుర్తింపు చట్టాన్ని ప్రతిపాదించిన మనిషే. తెగలు కోర్టు కేసును వదల్లేదు. 2020లో రాష్ట్రం రాజీకి వచ్చింది. ఇప్పుడు వీధి పేరు లేని ఓటరు మ్యాపు మీద తన ఇల్లెక్కడుందో వేలు పెట్టి చూపిస్తే, అడ్రసు వెతికిచ్చే బాధ్యత సర్కారుది.