ఫైన్ కట్టాలా, అప్పీలు చేయాలా?



చదువుకనో ఉద్యోగానికనో మన ఊళ్ల నుంచి ఇంగ్లండు వెళ్లిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, కౌన్సిల్ వాళ్లు కారు అద్దానికి పార్కింగ్ ఫైన్ అంటించి పోయారు. కట్టేయమంటారా, అప్పీలు చేయమంటారా? విశ్వాసి అధికారులకు ఎదురు చెప్పొచ్చా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. లండన్ వెలుపల చాలా ఊళ్లలో ఆ ఫైన్ 50 లేదా 70 పౌండ్లు, లండన్‌లో ఇంకా ఎక్కువ. పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ చదివే బిడ్డకు అది వారం సరుకుల డబ్బు. డబ్బు సంగతి అలా ఉంచినా, మనస్సాక్షి సంగతి ఉంది కదా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. "అప్పీలు చేస్తే గెలుస్తానా?" అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, "ఆ కాగితంలో రాసింది నిజమా?"

ముందుగా ఆ కాగితం ఎవరిదో చూడండి. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్. సూపర్ మార్కెట్ల దగ్గర ప్రైవేటు కంపెనీలు ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్. చూడడానికి ఒకేలా ఉంటాయి గాని వాటి దారులు వేరు. ఇక్కడ నేను చెప్పేది కౌన్సిల్ ఫైన్ గురించే. ఇది క్రిమినల్ కేసు కాదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు. కాబట్టి భయంతో నిర్ణయం తీసుకోకండి.

రాసింది నిజమైతే కట్టేయండి. ఆదివారం కదా, ఎవరూ చూడరులే అని రెండు పసుపు గీతల మీద కారు పెట్టి ఆరాధనకు వెళ్లినవారున్నారు. ఆ గీతలకు ఆదివారం సెలవు లేదు. రోమా పత్రిక 13వ అధ్యాయంలో పౌలు పన్నులు కట్టమన్నది శిక్షకు భయపడి మాత్రమే కాదు, మనస్సాక్షిని బట్టి కూడా. 14 రోజుల్లోపు కడితే సగమే తీసుకుంటారు. ఊరుకుంటే మాత్రం పెరుగుతుంది. 28 రోజులు దాటాక బండి యజమానికి నోటీసు వస్తుంది, దానికీ జవాబివ్వకపోతే అసలు మొత్తానికి మరో సగం కలుస్తుంది, ఆ తర్వాత కోర్టు ద్వారా వసూలుకు వస్తారు.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డొస్తుంది. తెలంగాణలో పెండింగ్ చలాన్లకు బైకుల మీద 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. ఆగినవాడికే లాభం అని మన జనం నేర్చుకున్నారు. అక్కడ లెక్క తలకిందులు. తొందరగా తేల్చుకున్నవాడికే సగం తగ్గుతుంది.

మరి రాసింది నిజం కాకపోతే? అప్పీలు చేయండి, సిగ్గుపడకండి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరలో వేసిన అధికారులు, తెల్లవారాక రహస్యంగా పంపేయబోతే పౌలు కదలలేదు. వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. ఫేస్తు ఎదుట కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. చట్టం ఇచ్చిన దారిలో నడవడం తిరుగుబాటు కాదు, అది కూడా చట్టానికి లోబడడమే. పైగా చెట్టుకొమ్మలు బోర్డును కప్పేసి ఉంటే, మీరు నోరు మూసుకుని కట్టినంత మాత్రాన ఆ కొమ్మలు పోవు. రేపు మరొకరు అక్కడే దొరికిపోతారు.

దారి ఇది. 14 రోజుల్లోపు ఫొటోలతో, పార్కింగ్ రసీదుతో కౌన్సిల్‌కు రాయండి. వాళ్లు కాదన్నా, మామూలుగా ఆ సగం ధర మళ్లీ ఇస్తారు. అప్పటికీ మీది న్యాయమనిపిస్తే యజమాని నోటీసు వచ్చాక 28 రోజుల్లో అధికారికంగా అభ్యంతరం రాయొచ్చు. అదీ కాదంటే స్వతంత్ర ట్రిబ్యునల్ ఉంది. దానికి ఫీజు లేదు. అయితే ఆ మెట్టుకు వెళ్తే సగం ధర మీద ఆశ వదులుకోవాలి. అక్కడ డబ్బు కట్టిన పార్కింగ్‌లో గడువు దాటాక 10 నిమిషాల వెసులుబాటు ఉంటుంది. ఐదో నిమిషానికే ఫైన్ వేస్తే అది తప్పు ఫైన్. అయితే పసుపు గీతల మీద పెట్టినవాడికి ఆ వెసులుబాటు వర్తించదు.

ఇంకో మాట. న్యాయం అడగడం వేరు, దయ అడగడం వేరు. బిడ్డకు ఆయాసం వచ్చి ఆసుపత్రికి పరుగెత్తారు, గడువు దాటింది. రాసింది నిజమే, మీ కష్టమూ నిజమే. అప్పుడు "నేను తప్పు చేయలేదు" అని వాదించకండి. జరిగింది జరిగినట్టు రాసి దయ అడగండి. రద్దు చేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది. ట్రిబ్యునల్ ముఖ్యంగా చట్టాన్నే చూస్తుంది. కాబట్టి దయ అడగాల్సిన చోటు కౌన్సిలే.

కానీ స్నేహితులు సలహా ఇస్తారు. "బండి ఆగిపోయిందని రాయరా, ఎవరు చూడొచ్చారు?" అని. అక్కడ ఆగండి. ముప్పై పౌండ్ల కోసం సంతకం పెట్టి అబద్ధమాడితే ఫైన్ పోవచ్చు గాని, ఆ సంతకం మీది. ప్రార్థన చేశాం గనుక అదే రద్దవుతుందని గడువు దాటించుకోవడమూ విశ్వాసం కాదు. ప్రార్థన చేయండి, ఉత్తరమూ రాయండి.

న్యాయం మీ వైపు ఉన్నా కట్టే స్వేచ్ఛ మీకుంది. మత్తయి 17లో యేసుప్రభువు తాను బద్ధుడు కాకపోయినా ఎవరికీ అభ్యంతరం కలగకూడదని ఆలయపు పన్ను కట్టించాడు. పరీక్షలున్నాయి, ఒంట్లో బాగాలేదు, ఈ గొడవ మోయలేనంటే సగం కట్టి నెమ్మదిగా ఉండండి. అది ఓటమి కాదు. కట్టాక మాత్రం నెలరోజులు సణుగుతూ తిరగకండి. సణుగుతూ కట్టిన ఫైన్ రోజూ కట్టినట్టే.

నిజమైతే కట్టండి. అబద్ధమైతే అడగండి. కష్టమైతే ఉన్నదున్నట్టు చెప్పుకోండి. ఏది చేసినా 14 రోజుల్లోపు చేయండి.

ప్రభువు మీకు వివేకమును, నెమ్మదిని దయచేయును గాక. ఆమేన్.