నడుము వాల్చడం తప్పు కాదు

మూకండపల్లిలో సాయంత్రం షిఫ్టు వదిలే వేళ రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. ఒకరు నడుముమీద చేయి వేసుకొని నడుస్తుంటారు. మరొకరు కమ్మీ పట్టుకొని మెల్లగా బస్సు ఎక్కుతుంటారు. ఒకనాడు మన పెద్దలు చేలో కలుపు తీసి నడుము పట్టేసిందనేవారు. ఇప్పుడు సిప్‌కాట్ యంత్రాల ముందు నిలబడి వారి మనుమలూ మనుమరాళ్లూ అదే మాట అంటున్నారు. పని మారింది గాని నొప్పి మారలేదు.

ఇది మన వూరి గోడు మాత్రమే కాదు. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షలమంది నడుమునొప్పితో బాధపడ్డారనీ, 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటవచ్చుననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన వెన్నులో కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుములో 5. పైబరువంతా చివరకు ఆ అయిదింటిమీదనే పడుతుంది. వాటి నడుమ మెత్తని బిళ్లలున్నాయి. పెద్దవారిలో ఆ బిళ్లలకు సొంత రక్తనాళాలు దాదాపు వుండవు. మనం కదిలినప్పుడు అవి నొక్కుకొని, సడలి, పోషణ పీల్చుకుంటాయి. కాబట్టి గంటలకొద్దీ ఒకే తీరున వుండిపోతే, కూర్చున్నా నిలబడినా, నడుముకు కష్టమే. "కర్రలాగా కూర్చో" అని మేమూ పిల్లలను గద్దించినవాళ్లమే. మారుతూ వుండే భంగిమే మంచి భంగిమ అని ఇప్పటి వైద్యుల మాట.

ఇక యింట్లో చేయదగినవి చూద్దాం. నీళ్లబిందె గాని బియ్యం మూట గాని ఎత్తేటప్పుడు దగ్గరకు వెళ్లి, మోకాళ్లు వంచి, బరువును వొంటికి ఆనించుకొని లేవండి. ఎత్తుతూ నడుము మెలి తిప్పవద్దు, పాదాలతో తిరగండి. పొట్టి పొరకకు పొడుగు కర్ర కట్టుకోండి. సంగటి కెలికే గిన్నె వంగవలసిన అవసరం లేనంత ఎత్తున వుండాలి. నిలబడి పని చేసేవారు చిన్న పీటమీద ఒక్కొక్క కాలూ మార్చి మార్చి పెట్టుకోవచ్చు. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. నడుము వెనుక మడిచిన తువ్వాలు చాలు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. రోజూ కాస్త నడక, వ్యాయామం అన్నిటికన్నా మేలు.

కూర్చోవడం సోమరితనం కాదు, హక్కు. నిలబడి పనిచేసేవారు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు వుండాలని 1948 నాటి ఫాక్టరీల చట్టమే చెప్పింది. దుకాణాలలో పనిచేసేవారికి కూడా ఆసనాలు వుండాలని తమిళనాడు శాసనసభ 2021లో చట్టాన్ని సవరించింది. బట్టల అంగడిలో పనిచేసే మన ఆడపిల్లలు యీ సంగతి తెలుసుకోవాలి.

నొప్పి వస్తే వారాలకొద్దీ మంచం పట్టవద్దు. ఓర్చుకోగలిగినంత తిరుగుతూ వుంటే చాలామందికి కొద్ది వారాలలో నెమ్మదిస్తుంది. కాని కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మలమూత్రాలమీద పట్టు తప్పినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో, బరువు తగ్గడంతో, లేక పడిన తరువాత వచ్చిన నొప్పినీ వైద్యునికి చూపించాలి.

చివరిగా ఒక్క మాట. "మా కోడలు పొద్దుటినుంచి నడుము వాల్చలేదు" అని మెచ్చుకోవడం మన యిళ్లలో మామూలు. ఆ మెప్పు కోసమే ఎందరో తల్లులు నొప్పి దాచుకున్నారు. అత్తగార్లూ, అన్నలూ, యీ నెలనుంచి మెప్పు మార్చుదాం. "కాసేపు నడుము వాల్చమ్మా, ఆ బిందె నేను ఎత్తుతాను" అందాం.