సర్టిఫికెట్‌కు అందమే, అర్జీకి మాత్రం వద్దు



మన కరపత్రాలు, సన్మాన పత్రాలు, అధికారులకిచ్చే అర్జీలు... ఈ మధ్య ఇంగ్లీష్‌లో ఏది చూసినా ఒకటే ఫాంట్, మోనోటైప్ కోర్సివా. కలంతో రాసినట్టు పక్కకు వాలి, చివర్లు వంపు తిరిగి ఉంటుంది చూడండి, అదే. అది చెడ్డ ఫాంట్ అని నేననడం లేదు. దాని పని వేరు, ఆ పనికే వాడదాం అంటున్నా.

దాని పుట్టుక తెలిస్తే సంగతి అర్థమవుతుంది. 500 ఏళ్ల కిందట ఇటలీలో, పోప్ కార్యాలయంలోని లేఖకులు వాలు రాత రాసేవారు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్, ఫ్రాన్సెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరాలతో వర్జిల్ కావ్యాలను చిన్న సైజు పుస్తకంగా అచ్చేశాడు. ఇటాలిక్ అచ్చు అలా మొదలైంది. తర్వాత అర్రిఘి అనే లేఖకుడు 1520ల్లో ఆ రాత నేర్పే పుస్తకం తెచ్చాడు, అచ్చు అక్షరాలు కూడా చేయించాడు. వాటి ఆధారంగా ప్యాట్రీషియా సాండర్స్ 1991లో కోర్సివాను గీశారు. అంటే ఇది చేతిరాత పోలిక. అందుకే సర్టిఫికెట్ మీద పేరుకు, ఆహ్వానం మీద ఒక్క లైనుకు భలే నప్పుతుంది.

కానీ పేరు మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో కొట్టకండి. ఆ వంపుల క్యాపిటళ్లు మాట మొదట్లో ఒక్కటి నిలబడటానికి గీసినవి. వరుసగా పేరిస్తే ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. మెస్రం, ఆత్రం, కొర్ర లాంటి మన ఇంటిపేర్లు తెలియనివాళ్లు ఒక అక్షరాన్ని ఇంకోలా చదువుతారు. ఆధార్‌లో ఒకలా, కుల ధ్రువీకరణలో ఇంకోలా పడితే ఎన్నిసార్లు తిరగాలో మీకు చెప్పక్కర్లేదు.

రెండు పేజీల అర్జీ మొత్తం అందులో కొట్టడం ఇంకా నష్టం. చదివే అధికారి రెండో పేరా దగ్గరే ఆగిపోతాడు. స్కాలర్‌షిప్ గడువు తేదీ వాలు అక్షరాల్లో మునిగిపోతే, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్తున్న పిల్ల దాన్ని ఎలా పట్టుకోవాలి? అక్కడ నిటారు అక్షరాలే న్యాయం.

తెలుగుకైతే ఆ ఇటాలిక్ బటన్ జోలికే పోవద్దు. సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని ఊరికే పక్కకు తోస్తుంది. పైన గుడి కుడికి పోతుంది, కింద వొత్తు ఎడమకు జారుతుంది. గిడుగు, మండలి లాంటి ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. సవర భాషకు అంత సేవ చేసిన గిడుగు రామమూర్తి గారి పేరుతోనే ఒకటి ఉంది కదా!

“మన పత్రం పెద్ద కాలేజీల వాటికి తీసిపోకూడదు కదన్నా” అంటారు కొందరు తమ్ముళ్లు. నిజమే, తీసిపోకూడదు. పేరు కోర్సివాలో పెద్దగా పెట్టండి, మిగతాది నిటారుగా ఉంచండి. అదే హుందాగా ఉంటుంది.

చివరగా ఒక్క మాట. ఒక లేఖకుడి చేతిరాత 500 ఏళ్ల తర్వాత మన కంప్యూటర్లలో ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫాంట్ కూడా వచ్చింది. ఆ లిపిలో పెద్దలు కలంతో తిప్పిన వంపులను పట్టుకుని రేపు మన పిల్లలే ఒక అందమైన ఫాంట్ గీయాలి. అప్పుడు మన సర్టిఫికెట్ మీద పేరు మన చేతిరాతలోనే ఉంటుంది.