గేర్ షాఫ్టుకు వెల్డింగా వైద్యం?

గేర్ రాడ్డు ఊగుతోందని బండిని షెడ్డుకు తీసుకువెళితే, దానిని షాఫ్టుకు వెల్డింగు చేసి "ఇక జన్మలో ఊడదు" అని అభయమిస్తున్నారు. నా అభ్యంతరమంతా ఆ అభయంతోనే.

అసలు రోగమెక్కడిది? షాఫ్టు లోపలి భాగాన్ని ఇంజన్ ఆయిలు తడుపుతూనే ఉంటుంది. సీలు దాటి బయటికి వచ్చిన కొసకు ఆ భాగ్యం లేదు. దానికి దక్కేవి దుమ్ము, బురద, వాటర్ సర్వీసు నీళ్లు. రాడ్డును బిగించే బోల్టు కాస్త వదులైతే చాలు, గేరు మార్చిన ప్రతిసారీ పళ్లు ఒకదానినొకటి తినేస్తాయి. పానాతో ఒక్క బిగింపులో తీరే తగవును నెలల తరబడి సాగనిచ్చి, చివరకు నిప్పు పెడుతున్నాము!

ఆ వేడికి పక్కనున్న రబ్బరు సీలు పాడయితే ఆయిలు కారుతుంది. సీలు మార్చాలంటే రాడ్డు ఊడిరావాలి. అతికించినది ఊడదు కనుక కోయవలసిందే.

కొందరు ఖరీదైన రాడ్డు వేయిస్తే చాలునంటారు. అరిగినదాన్ని మార్చడం న్యాయమే. రాడ్డుకు ఒక్క బోల్టు విప్పితే సరిపోతుంది, షాఫ్టుకైతే ఇంజన్ విప్పాలి. అందుకే రాడ్డు పళ్లు అరగడం మొదలైనప్పుడే మార్చాలి. అయితే బోల్టు వదులుగా ఉంటే కొత్త ఇనుముకూ పాత గతే.

పళ్లను శుభ్రంగా తుడిచి, పలుచగా గ్రీజు రాసి, బోల్టు బిగించండి. లింకు ఉన్న బండికి దాని కీళ్లలోనూ కాస్త గ్రీజు పెట్టండి. సాయంత్రానికల్లా బండి కావాలని తొందరపెట్టే యజమాని ఉన్నంతకాలం మెకానిక్కును ఒక్కణ్ణే నిందించి లాభం లేదు.