తంగేడుకు పెరట్లో చోటేదీ?

బతుకమ్మ రోజుల్లో హైదరాబాద్ చౌరస్తాల్లో తంగేడు పూలు కట్టలు కట్టి అమ్ముతారు. బేరమాడి కొనుక్కుపోయేవాళ్ల ఇళ్లలో చాలావాటికి వాకిట్లో పచ్చిక, దాని అంచున క్రోటన్లు, గేటు పక్కన ఓ పామ్ చెట్టు ఉంటాయి. తంగేడు మాత్రం ఉండదు. అది తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఎవరూ చెంబెడు నీళ్లు పోయకపోయినా గుట్టల మీద, బీడు భూముల్లో విరగబూస్తుంది. పశువులు కూడా దాని జోలికి పెద్దగా పోవు. అయినా నర్సరీలో అడిగి చూడండి, ‘అది అడివి చెట్టు కదండీ’ అంటారు.

నీటి ఎద్దడి ఉన్నచోట ఇంటి తోట గురించి రాసేవాళ్లంతా ముందు మొక్కల జాబితా చదువుతారు. మొక్కలకు మనకేం కొదవ? తంగేడు, గన్నేరు, వావిలి, అడ్డసరం, గోరింట, కలబంద, నల్లేరు, మునగ, సీతాఫలం, రేగు... చెబుతూపోతే ఈ పేజీ చాలదు. అసలు చిక్కు మన అభిరుచిలో ఉంది. తోట అంటే ఇలా ఉండాలన్న మన ఊహ సగం డెల్టా నుంచి వచ్చింది, సగం ఇంగ్లిష్ దొరల బంగళాల నుంచి వచ్చింది. రెండూ నీళ్లకు లోటెరగని చోట్లే. దాన్ని తెచ్చి ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడే హైదరాబాద్‌లోనూ, 550 దగ్గరే ఆగిపోయే అనంతపురంలోనూ పరిచేశాం.

డెల్టా సగం సంగతి ముందు చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమ్ముడయ్యే అలంకరణ మొక్కల్లో చాలా భాగం కడియం, కడియపులంక, వేమగిరి చుట్టుపక్కల నర్సరీల నుంచి వస్తాయి. అక్కడి రైతుల పనితనానికి వంక పెట్టలేం. అంట్లు కట్టడంలో వాళ్లది అందె వేసిన చేయి. అయితే ఆ మొక్క గోదావరి కాలువల కింద, ఎప్పుడూ తడి ఆరని ఒండ్రుమట్టిలో పెరిగి లారీ ఎక్కుతుంది. దిగేది పటాన్‌చెరులోనో, ధర్మవరంలోనో. నల్ల కవరు చింపితే లోపల ఇటుకలా బిగిసిన బంకమట్టి ముద్ద ఉంటుంది. మొరంలో గుంట తవ్వి ఆ ముద్దను ఉన్నదున్నట్టు దించేస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి బంకమట్టి కుంచించుకుపోయి చుట్టూ వేలు దూరేంత సందు పడుతుంది. పైన పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి మొరంలోకి జారిపోతాయి. ముద్ద నడుమ ఉన్న వేరుకు చుక్క అందదు. ‘రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం, ఎండిపోయింది’ అని ఇంటాయన వాపోతాడు. ఆయన చెప్పింది నిజమే, నీళ్లు పోస్తూనే ఉన్నాడు. నాటేముందు ఆ ముద్దను బకెట్లో నానబెట్టి, సగం మట్టినైనా మెల్లగా విడదీసి, గుంటలోంచి తీసిన మట్టికే కాస్త పశువుల ఎరువు కలిపి పూడిస్తే వేరు బయటి మట్టిలోకి పాకుతుంది. ఇది చేయాల్సింది తొలకరి తర్వాత. గృహప్రవేశం ముహూర్తం మార్చిలో కుదిరిందని తోట కూడా మార్చిలోనే వేస్తే ఏ మొక్కా నిలవదు. కొత్త ఇళ్ల చుట్టూ మరో బెడద కూడా ఉంటుంది. ప్రహరీ పక్కన పైకి ఎర్రమట్టి కనిపిస్తుంది, జానెడు తవ్వితే సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు బయటపడతాయి. ఆ సున్నపు చెత్తలో ఆకులు పసుపుబారితే చాలామంది తెగులనుకుని మందు కొట్టిస్తారు.

ఇక దొరల బంగళాల నుంచి వచ్చిన సగం పచ్చిక. దాని లెక్క సులభం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. మన ఎండల్లో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లయినా కావాలి. వెయ్యి చదరపు అడుగులంటే సుమారు 93 చదరపు మీటర్లు. రోజుకు 465 లీటర్లు, నెలకు దాదాపు 14 వేల లీటర్లు. హైదరాబాద్ జలమండలి 2021 నుంచి ఒక్కో ఇంటికి నెలకు ఉచితంగా ఇస్తున్న నీళ్లే 20 వేల లీటర్లు. ఒక కుటుంబం తాగి, వండుకుని, స్నానం చేసి, బట్టలుతుక్కోవడానికి లెక్కగట్టి ఇచ్చిన నీటిలో మూడింట రెండొంతులు వాకిట్లో గడ్డి తాగేస్తుందన్నమాట. ఆ నీళ్లలో కృష్ణా వాటా నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోస్తే వచ్చింది. గేటెడ్ కమ్యూనిటీల ఉమ్మడి స్థలాల్లో పరిచే పచ్చిక ఎకరాల్లో ఉంటుంది కాబట్టి అక్కడి లెక్క ఎవరికి వాళ్లే కట్టుకోవచ్చు. దాని మీద ఎవరూ కూర్చోరు, పిల్లలను ఆడుకోనివ్వరు. బ్రోషర్లో ఫొటోకి పనికొస్తుంది, అంతే.

ఇలాంటి ‘ఊరికే ఉండే పచ్చిక’ మీద అమెరికాలోని నెవాడా రాష్ట్రం 2021లో చట్టమే తెచ్చింది. లాస్ వెగాస్ ప్రాంతంలో వాణిజ్య సముదాయాలు, కాలనీల ఉమ్మడి స్థలాల్లో ఎవరికీ ఉపయోగపడని పచ్చికకు 2027 నుంచి కొలరాడో నది నీరు వాడకూడదు. సొంత ఇంటి పెరళ్ల జోలికి ఆ చట్టం పోలేదు. పెద్ద వాడకం ఎక్కడుందో అక్కడే పట్టుకోవాలన్న ఇంగితం అందులో ఉంది. మన పక్కనే బెంగళూరు 2024 మార్చిలో తోటలకు తాగునీరు వాడితే 5 వేల రూపాయల జరిమానా అంది. బోర్లు ఎండిపోయాక, ట్యాంకర్లకు జనం కొట్టుకుంటున్నప్పుడు పుట్టిన ఆదేశమది. వానలు పడగానే అలాంటివాటి పదును పోతుంది. అప్పటికి తోట ఎండిపోయినవాడు మళ్లీ అదే పచ్చిక పరుస్తాడు.

కరువును తట్టుకునే మొక్క అంటే నీళ్లే అక్కర్లేని మొక్క అని కొందరు అనుకుంటారు. తొలి రెండు వేసవులు దేనికైనా నీళ్లు కావాల్సిందే. ఎలా పోస్తామన్న దాన్ని బట్టి ఆ తర్వాతి సంగతి తేలుతుంది. రోజూ సాయంత్రం పైపుతో పైపైన చిలకరిస్తే వేరు పైపొరలోనే తచ్చాడుతుంది. మేలో రెండు రోజులు ఊరెళ్లొస్తే మునగ కూడా వాడిపోయి కనిపిస్తుంది. వారానికోసారి పాదు నిండా పోసి వదిలేస్తే తడిని వెతుక్కుంటూ వేరు లోతుకు దిగుతుంది. మంచి తోటమాలిని పాడుచేసేది చాలాసార్లు ఇంటివాళ్ల ఆత్రమే.

మొక్కలవైపు నుంచి చూస్తే ఒక్కోదానిది ఒక్కో ఉపాయం. నల్లేరు, కలబంద పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి, గాలి పీల్చుకునేటప్పుడు పోయే తడి అలా మిగులుతుంది. గన్నేరు ఆకు అడుగున రంధ్రాలు చిన్న గుంటల్లో, నూగు చాటున దాక్కుని ఉంటాయి, వేడిగాలి నేరుగా తగలదు. (చిన్నపిల్లలున్న ఇంట్లో గన్నేరు ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి, చెట్టంతా విషమే.) కాగితంపూల తీగకు నీళ్లు తగ్గిస్తేనే పూత. రోజూ తడిపి, ఎరువేసి, ‘ఆకులే తప్ప పూలు లేవు’ అనేవాళ్లు దానికి కాస్త కరువు రుచి చూపించాలి.

నీళ్లు అడగదు కదా అని దేన్నిపడితే దాన్ని తలకెత్తుకోవడమూ ప్రమాదమే. 1870ల్లో వంటచెరకు కోసం అమెరికా ఖండం నుంచి విత్తనం తెప్పించి కడప ప్రాంతంలో నాటిన సర్కారు తుమ్మ ఎంత గట్టిదో, అది ఎన్ని చెరువుల కడుపులు ఆక్రమించిందో రాయలసీమకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మన కళ్లముందే కోనోకార్పస్ కథ నడిచింది. నీళ్లడగదని, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని రోడ్ల మధ్య బారులు బారులుగా నాటించారు. తర్వాత వద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. ఈమధ్య పచ్చిక తీసేసి తెల్లరాళ్లు పరిచేవాళ్లు, ప్లాస్టిక్ గడ్డి వేసేవాళ్లు కూడా పెరుగుతున్నారు. మే మధ్యాహ్నం ఆ గడ్డి మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే దాని గుణం తెలుస్తుంది. నీరు ఆదా అయినా వాకిలి పొయ్యిలా కాలితే రాత్రి ఏసీ బిల్లు పెరుగుతుంది. నేల మీద నీడ ఉండాలి, ఆకు రాలి పరుచుకోవాలి. ఊడ్చి మున్సిపాలిటీ బండికి ఎత్తే ఎండుటాకులే పాదులో జానెడు మందాన వేస్తే తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది.

వాడిన నీటిలోనూ తేడాలున్నాయి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు ఉండవు, ఏ మొక్కకైనా పోయొచ్చు. ఆర్వో యంత్రం వదిలే నీళ్లలో లవణాలు చిక్కబడి ఉంటాయి. బోరునీరే ఉప్పగా ఉన్న ఇంట్లో ఆ నీళ్లు కుండీలకు పోస్తే కొన్నాళ్లకు మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది, ఆకుల అంచులు మాడతాయి. బియ్యం, పప్పు కడిగిన నీళ్లకు ఏ అభ్యంతరమూ లేదు. మన అమ్మమ్మలు కరివేపాకు చెట్టును అంట్లు తోమే చోట పెట్టింది ఆ తడి కోసమే. సబ్బు పొడులు మారాయి కనుక ఇప్పుడు ఆ గిన్నెల నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం.

ప్రభుత్వం చేయగలిగింది ఉంది. హరితహారం పేరుతో తెలంగాణలో గ్రామగ్రామాన నర్సరీలు వెలిశాయి. వాటిలో తంగేడు, వావిలి, గోరింట పెంచడానికి ప్రత్యేక నైపుణ్యమేమీ అక్కర్లేదు. తంగేడు గింజ పైపొర గట్టిది, గరుకు కాగితంతో కాస్త రుద్దో, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టో వేస్తే మొలుస్తుంది. ఎదిగాక ఏటా కత్తిరిస్తే గుబురుగా, ఇంటి ముందు పెట్టుకునేంత అందంగా ఉంటుంది. లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు ‘ఇంత శాతం పచ్చదనం’ అని కొలిచే అధికారులు ఆ పచ్చదనం ఏ నీటితో బతుకుతుందో కూడా రాయించుకోవాలి. శుద్ధిచేసిన మురుగునీరు ఉన్నంత మేరకే పచ్చిక, మిగతాది చెట్లు, పొదలు అని గీత గీయడం కష్టమేమీ కాదు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లయితే జీవో కోసం కాచుకోనక్కర్లేదు. తోటకు పోయే పైపుకు విడిగా ఓ మీటరు బిగించి, నెలనెలా ఆ అంకెను ట్యాంకర్ల బిల్లు పక్కనే నోటీసు బోర్డు మీద అంటిస్తే చాలు. మెయింటెనెన్స్ చార్జీలు పెంచే మీటింగులో మాట దానంతటదే పచ్చిక మీదికి మళ్లుతుంది.