అమ్మ చేతికీ ఒక తెడ్డు

ఫ్యామిలీ ట్రిప్ అంటే మనం నీళ్లలో, అమ్మ ఒడ్డున బ్యాగులకు కాపలా. "నాకు ఈత రాదురా" అంటుంది, మనమూ వదిలేస్తాం. నిజానికి రాఫ్టింగ్ అంతా రీల్స్‌లో చూసేంత భయంకరంగా ఉండదు.

నది ఉధృతిని 1 నుంచి 6 దాకా గ్రేడ్లుగా లెక్కేస్తారు. 1, 2 అంటే చిన్న అలలే. రిషికేశ్‌నే తీసుకోండి. శివపురి నుంచి దిగితే దాదాపు 16 కిలోమీటర్లు, దారిలో గ్రేడ్ 3 కెరటాలు తగులుతాయి. బ్రహ్మపురి నుంచైతే సుమారు 9 కిలోమీటర్లే, నీటి జోరూ తక్కువ. మొదటిసారి ఇంటిల్లిపాదీ వెళ్తుంటే ఇదే మేలు. వర్షాకాలంలో మాత్రం రాఫ్టింగ్ ఆపేస్తారు.

బుకింగ్‌కి ముందు ధర ఒక్కటే కాదు, గ్రేడ్ ఎంతో, ఎంత వయసు వాళ్లని ఎక్కిస్తారో కూడా అడగండి. బీపీ, గుండె సమస్యలుంటే డాక్టర్ మాటే ఫైనల్.

లైఫ్ జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాకా జారిందంటే వదులుగా ఉన్నట్టే, బెల్టులు బిగించాలి. పొరపాటున నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ముందుకు చాపాలి. నిలబడబోతే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. ఈ రెండూ అమ్మకి ఒడ్డునే నేర్పించండి.

బ్యాగులంటారా? రూమ్‌లో పెట్టి తాళం వేస్తే సరి!